‘యాడికి’ అనే ఊరి పేరుతో మొదలైన ఆట

 

మమ్మల్ని చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము పంతుళ్లం కాము. సాయంత్రం పూట గుడి అరుగు మీద, వీధి దీపం కింద తండా పిల్లలతో కూర్చునే నలుగురైదుగురం. డిగ్రీ చదివి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లం కొందరు, పొలం పని చూసుకునేవాళ్లం కొందరు. చెప్పడానికి మా దగ్గర పెద్ద సిద్ధాంతం లేదు. మాటలతో ఆడిన ఆటలున్నాయి, వాటి గురించే చెబుతాం.

మొదట్లో నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లల నోటు పుస్తకాలు తిరగేశాం. పేజీ నిండా ఎర్ర సిరా. ‘గుత్తి’ని ‘గుతి’ అని రాశారు, ‘పాలు’ను ‘పలు’ అని రాశారు. వత్తు ఉండాల్సిన చోట ఉండదు, దీర్ఘం పడాల్సిన చోట పడదు. దీనికి ఊళ్లో అందరి దగ్గరా ఒకటే తీర్పు ఉంది: తండా పిల్లలకు తెలుగు రాదు. నిజం చెప్పాలంటే మేమూ చిన్నప్పుడు ఆ మాట విని తలకాయ వంచుకున్నవాళ్లమే.

కానీ ఆలోచించండి. ఇంగ్లీషులో పలికేదొకటి, రాసేదొకటి. అందుకే అమెరికాలో 1925 నుంచి జాతీయ స్థాయిలో స్పెల్లింగ్ పోటీలు పెడుతున్నారు. 2024లో ఆ పోటీ గెలిచింది పన్నెండేళ్ల బృహత్ సోమ అనే తెలుగు పిల్లవాడు. చివరి విడతలో 90 సెకన్లలో 29 మాటలకు తప్పు లేకుండా స్పెల్లింగ్ చెప్పాడు. తెలుగుకు అంత తిప్పలు లేవు, పలికినట్టే రాస్తాం అంటారు. సరే, ఎవరు పలికినట్టు? మన పిల్లవాడు ఇంట్లో గోర్ బోలీ మాట్లాడతాడు. బస్సులో, అంగడిలో ‘వస్తాండాడు, పోతాండాడు’ అనే సీమ మాట వింటాడు. పుస్తకం తెరిస్తే ‘వస్తున్నాడు, పోతున్నాడు’ అని ఉంటుంది. పాపం వాడు చెవికి వినబడిందే రాస్తున్నాడు. పుస్తకంలోని తెలుగు వాడి చెవిన పడేది బడిలో మాత్రమే. లోపం వాడి బుర్రలో లేదు. ఆ మాటలు ఇంకా వాడి నోట్లో నానలేదు, అంతే. నోట్లో నానాలంటే పదిసార్లు పలకాలి. ఇంపోజిషన్ ఇస్తే పదిసార్లు రాస్తాడు గానీ పలకడు. ఆటైతే వందసార్లు పలుకుతాడు.

మా ఆట అనుకోకుండా మొదలైంది. తాడిపత్రి దగ్గర యాడికి అనే ఊరుంది కదా. ఒక రోజు పిల్లలతో ఊర్ల పేర్లు రాయిస్తున్నాం. ‘యాడికి’ అనగానే ఒక చిన్నపాప పకపకా నవ్వింది. ఎందుకమ్మా అంటే, ‘యాడికి అంటే అమ్మకి అని కదా’ అంది. మన భాషలో యాడి అంటే అమ్మ. దానికి తెలుగు ‘కి’ తగిలిస్తే అమ్మకి! పక్కనున్న పిల్లవాడు ఒప్పుకోలేదు, ‘కాదు, యాడికి పోతాండావు అంటారే, అది’ అన్నాడు. ఒక ఊరు, ఒక ప్రశ్న, ఒక అమ్మ, మూడూ ఒకే మూడక్షరాల్లో ఉన్నాయి. ఆ పూట ఎవరూ ఇంటికి పోలేదు. రెండు భాషల్లో రెండు అర్థాలు వచ్చే మాటలు ఇంకేమున్నాయని వెతుకుతూ కూర్చున్నారు. అప్పటిదాకా నోరు విప్పని పిల్లలు కూడా ఆ రోజు మాట్లాడారు. మనకు రెండు భాషలు రావడం ఇబ్బంది కాదు, ఆటలో అది మన బలం అని మాకు తట్టింది ఆ రోజే.

తర్వాత ‘క’ భాష పట్టుకున్నాం. మీరంతా చిన్నప్పుడు ఆడే ఉంటారు. పెద్దలకు అర్థం కాకూడదని ప్రతి అక్షరానికి ముందు ‘క’ చేర్చి మాట్లాడతాం. తాడిపత్రి అనాలంటే ‘కతా కడి కప కత్రి’. ఇందులో ఉన్న గుట్టేమిటంటే, మాటను అక్షరాలుగా విడగొట్టడం రాకపోతే ‘క’ భాష మాట్లాడలేం. గుత్తిని చెప్పమంటే ఒకడు ‘కగు కతి’ అన్నాడు. ఇంకొకడు ‘కగు కత్తి’ అన్నాడు. కత్తి అనేసరికి అందరికీ నవ్వొచ్చింది. ఆ కత్తితోనే వత్తు బయటపడింది. ‘గుతి’ అని రాసే పిల్లవాడికి అక్కడ రెండు ‘త’లు ఉన్నాయని మేము చెప్పనక్కరలేదు, వాడి చెవే చెప్పింది.

ఇక అట్టల ఆట. ఇంగ్లీషు స్క్రాబుల్ చాలామందికి తెలుసు. 1930ల్లో అమెరికాలో మాంద్యం వచ్చి పని పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు దాన్ని తయారుచేశాడు. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో తెలుసుకోవడానికి పత్రిక మొదటి పేజీ ముందు పెట్టుకుని లెక్కపెట్టాడట. మేమూ తెలుగు దినపత్రిక తెచ్చి పిల్లలకు పంచి లెక్కపెట్టించాం. న, ర, ల, క, త చీమల్లా ఎక్కడ చూసినా కనబడ్డాయి. ‘ఝ’ కోసం మాత్రం కళ్లు కాయలు కాశాయి. మొదటిసారి చేసిన అట్టలు పనికిరాలేదు. ఇంగ్లీషుకు 26 అక్షరాలు చాలు. మనకు ఒక్క ‘క’ గుణింతమే క నుంచి కః దాకా పదహారు రూపాలు. అన్నీ రాయబోతే ఊళ్లోని పెళ్లి పత్రికలన్నీ కత్తిరించినా చాలవు. అందుకని అచ్చులకు, హల్లులకు పెద్ద అట్టలు, గుణింతపు గుర్తులకు, వత్తులకు చిన్న చీటీలు చేశాం. పిల్లవాడే ‘త’ తీసుకుని, పైన గుడి పెట్టి, కింద త వత్తు పెట్టి ‘త్తి’ కట్టుకోవాలి. ఒక్క చీటీ చేర్చి మాట మార్చడం ఇందులో అందరికీ ఇష్టమైన పందెం. గడి గడ్డి అవుతుంది, గుడి గుడ్డి అవుతుంది, పుట పుట్ట అవుతుంది. దీర్ఘపు చీటీ పెడితే పడు పాడు అవుతుంది. వత్తు అంటే పంతులు వేసే శిక్ష కాదని, అది పెడితే వేరే వస్తువే వస్తుందని వాళ్లకు చేతితో తెలుస్తుంది.

ఊర్ల గొలుసు గురించి చెప్పకుండా ఉండలేం. ఒకరు చెప్పిన ఊరు ఏ హల్లుతో ముగుస్తుందో, దానితో మొదలయ్యే ఊరు తర్వాతివాళ్లు చెప్పాలి. అనంతపురం, రాయదుర్గం, గుత్తి, తాడిపత్రి, రాప్తాడు. ఇక్కడికొచ్చేసరికి ‘డ’ దగ్గర బండి ఆగింది. అంతా తలలు గోక్కుంటుంటే మూలన కూర్చున్న పిల్లవాడు ‘డి.హీరేహాళ్!’ అని అరిచాడు. వాళ్ల మామ ఊరట. చప్పట్లే చప్పట్లు. తర్వాతివాడికి ‘ళ’ పడింది. ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే తెలుగులో ‘ళ’తో మొదలయ్యే మాటే లేదు. ‘ణ’తోనూ లేదు. ఈ సంగతి మేము పాఠంలా చెప్పి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. ‘ళ’ బదులు ‘ల’ తీసుకోవచ్చని ఒప్పందం చేసుకుని లేపాక్షికి వెళ్లారు. 2022లో జిల్లా విడిపోయినా ఆటలో మాత్రం లేపాక్షి, కదిరి, పెనుకొండ మావేనని పిల్లల పట్టు. ‘క్షి’లో చివరిది ‘క’నా ‘ష’నా అని అరగంట కొట్టుకున్నారు. అట్టలు పేర్చి చూసుకుని, ‘క’ కింద ‘ష’ వత్తు ఉందని వాళ్లే తేల్చారు.

మేము చేసిన తప్పూ చెప్పాలి. ఉత్సాహం కొద్దీ గెలిచినవాళ్లకు పెన్నులు, పలకలు బహుమతి పెట్టాం. మూడు వారాలు తిరిగేసరికి పెన్నులన్నీ ఇద్దరి జేబుల్లోనే ఉన్నాయి. మిగతావాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. అలా మానేసినవాళ్లలో బెంగళూరు నుంచి తిరిగొచ్చిన ఒక అబ్బాయి ఉన్నాడు. అమ్మానాన్న అక్కడ బిల్డింగు పనికి పోతే వాడూ వెంట పోయి, నాలుగు నెలలు బడికి దూరమయ్యాడు. బడిలో ఎలాగూ వెనక బెంచీయే, ఇక్కడా వెనకే ఎందుకు కూర్చోవాలి అనుకుని ఉంటాడు. వాన కురవక చెనక్కాయ ఎండిన ఏడు మన తండాల్లో అలాంటి పిల్లలు ఎందరుంటారో మీకు తెలుసు. బహుమతులు ఆపేశాం. పెద్ద పిల్లలను, చిన్నవాళ్లను కలిపి జట్లు కట్టాం. నిన్న జట్టు మొత్తం ఎన్ని మాటలు కట్టింది, ఈ రోజు ఎన్ని కట్టింది అనేదే లెక్క. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి పిలిస్తే రెండుసార్లు రాలేదు, మూడోసారి వచ్చాడు. బెంగళూరులో బోర్డులు చూసి నేర్చిన కన్నడ అక్షరాలను మన అక్షరాల పక్కన రాసి చూపించాడు. రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయని మిగతావాళ్లు నోళ్లు తెరిచారు. అప్పటి నుంచి వాడిని పిలవనక్కరలేకపోయింది.

మన భాష సంగతికి వస్తాం. ఘర్, ఘోడో, ధోళో, భియా, పాణి. ఈ మాటలు పుట్టినప్పటి నుంచి మన నోట్లో ఉన్నాయి. ఘ, ధ, భ, ణ పలకడానికి తెలుగు పిల్లలే తడబడతారు, మనవాళ్లు తడబడరు. అందుకే ఇప్పుడు ‘ఘ’ అట్ట పడితే మా పిల్లలు తెలుగు మాట కోసం వెతకరు, ముందు ఘర్ కడతారు. గోర్ బోలీ మాట కడితే దాని తెలుగు మాట కూడా చెప్పాలి, అప్పుడే రెండు మార్కులు.

మనకు సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగులో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడలో రాసుకుంటున్నాం. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. వాళ్లందరినీ హిందీ లెక్కలో కలిపేశారు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టినప్పుడు బంజారా కూడా అందులో ఉంది, తెలుగు లిపిలోనే పుస్తకాలు వేశారు. అంటే మన మాట రాయడానికి వీలుకానిది కాదు. ఇప్పుడు పిల్లలు వాళ్ల దాదిల దగ్గర కూర్చుని పొడుపుకథలు అడిగి నోటు పుస్తకంలో రాస్తున్నారు. రాసింది చదివి వినిపిస్తే ‘అట్లా కాదు, సరిగా పలుకు’ అని దాది దిద్దుతుంది. బడి మెట్టు ఎక్కని ఆమె అక్కడ పంతులమ్మ. ఆమె పలికిన ఒక్కో ధ్వనికి ఏ అక్షరం పెట్టాలో తెలియక పిల్లలు మా దగ్గరికి వస్తారు. కొన్నిటికి మాకూ తెలియదు, కలిసి ఒకటి అనుకుని అదే రాస్తున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామంది హాస్టళ్లలో ఉండి పండక్కి తండాకు వస్తారు. వచ్చినప్పుడు ఫోను కాసేపు పక్కన పెట్టి ఒక్క గంట అరుగు మీద కూర్చోండి. పిల్లవాడు తప్పు పలికితే నవ్వకండి, మీరూ ఒక మాట తప్పు పలికి వాడిని దిద్దనివ్వండి. సాయంత్రం బడి అని పేరు పెట్టకండి, బడి అంటే రారు, ఆట అనండి. వెనక బల్ల మీద మేము కత్తిరించిన అట్టలు పన్నెండు కట్టలున్నాయి. తండాకు ఒకటి చొప్పున తీసుకెళ్లండి. ‘ఝ’ ఒక్కటే వేశాం, పోగొట్టకండి. వత్తుల చీటీలు గాలికి ఎగిరిపోతాయి, మీద చెనక్కాయలు పెట్టి ఆడండి. పిల్లలు వాటిని తినేస్తారు, కొన్ని ఎక్కువే తెచ్చుకోండి. రాం రాం.