ఫర్మానా ముందు, ఫిరంగి తరువాత

అధ్యక్షుడు ఎంత తక్కువ మాట్లాడితే సభ అంత సంతోషిస్తుందని నాకు తెలుసు. అందుకని ఉపోద్ఘాతం మానేసి నేరుగా విషయంలోకి వస్తాను.

మనం కూర్చున్న ఈ వ్యాసర్పాడి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది 1708లో, అంటే ప్లాసీ యుద్ధానికి 49 ఏళ్ళ ముందు. మన పాఠ్యపుస్తకాలు కంపెనీ రాజ్యాన్ని ప్లాసీతో మొదలుపెడతాయి. ఈ ఊళ్ళో నిలబడి చూస్తే ఆ లెక్క కుదరదు.

1639లో మద్రాసు నేలను కంపెనీకి రాసిచ్చిన దామెర్ల సోదరుల కథ, దుబాసి బేరి తిమ్మప్ప కథ మనకు కంఠోపాఠం కాబట్టి వదిలేస్తున్నాను. 1693లో ఎగ్మూరు, పురసవాక్కం, తండయారుపేట కంపెనీకి దక్కాయి. ఆ తరువాతి వంతు మనది. తిరువొత్తియూరు, నుంగంబాకం, కత్తివాకం, సాత్తాంగాడులతో పాటు వ్యాసర్పాడినీ కంపెనీకి రాసిచ్చింది నవాబు దావూద్ ఖాన్. చిత్రమేమిటంటే, 1702లో సెయింట్ జార్జి కోటను చుట్టుముట్టి, సరుకు లోపలికి పోనివ్వకుండా ఉక్కిరిబిక్కిరి చేసినవాడూ ఆయనే. ఆరేళ్ళలో ఆయన మనసు మారడానికి కారణం గవర్నరు థామస్ పిట్ ఓపిక, కోట నుంచి వెళ్ళిన నజరానాలు. ఆ నజరానాల్లో సీమసారాయి సీసాలకు లోటుండేది కాదు. ఊళ్ళోని రైతులను అడిగి ఇచ్చిన దానం కాదని వేరే చెప్పాలా?

దానం నిలవలేదు. 1711లో నవాబు సాదతుల్లా ఖాన్ ఆ ఊళ్ళు తిరిగి ఇమ్మన్నాడు, కంపెనీ ఇచ్చేసింది. పోట్లాడలేదు. ఢిల్లీకి రాయబారం పంపింది. ఆ రాయబారం నడిపిన జాన్ సర్మన్ బృందంలోని వైద్యుడు హామిల్టన్ పాదుషా ఫరూఖ్‌సియర్ జబ్బు నయం చేశాడు. చివరికి ఫర్మానా వచ్చింది. దాన్ని చేత పట్టుకుని 1717లో గవర్నరు జోసెఫ్ కొలెట్ మనుషులను పంపి ఊళ్ళు స్వాధీనం చేసుకున్నాడు. తిరువొత్తియూరు దగ్గర చిన్న కొట్లాట జరిగింది, అంతే. ముందు కాగితం, వెనక సిపాయి. ఈ వరసను కాస్త గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే దాదాపు యాభై ఏళ్ళ తరువాత ఉత్తర సర్కారుల్లో జరిగింది అచ్చం ఇదే. 1765 ఆగస్టులో క్లైవు బెంగాలు దివానీతో పాటే సర్కారులకూ షా ఆలం చేత ఫర్మానా రాయించుకున్నాడు. ఆ ఫర్మానా రాసిన పాదుషాకు కృష్ణా గోదావరి తీరాల్లో గజం నేల మీద కూడా అదుపు లేదు. 1766లో జనరల్ కైలాడ్ కొండపల్లి కోట పట్టుకున్నాడు. అదే ఏడు నవంబరులో నిజాముతో ఒడంబడిక. మధ్యవర్తిత్వం నడిపింది మన కాండ్రేగుల జోగిపంతులు. ఐదు ఊళ్ళ మీద కుదిరిన పద్ధతినే కంపెనీ ఐదు సర్కారులకు వాడుకుందని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే మధ్యాహ్నం భోజనాల దగ్గర వాదించడానికి సిద్ధం.

రాజ్యం వచ్చాక శిస్తు రావాలి. ఆ వసూలు ఎలా జరిగిందో తెలియాలంటే 1855 నాటి చిత్రహింసల విచారణ సంఘం నివేదిక చదవాలి. కిట్టీ అని ఒక సాధనం ఉండేది, తెలుగునాట దాన్ని చీరాట అనేవారు. రెండు కర్రల మధ్య రైతు చేతివేళ్ళు ఇరికించి, బాకీ ఒప్పుకునేదాకా నొక్కేవారు. ఇంకొక పద్ధతిలో మనిషిని మెడ వంచి, తలను కాళ్ళకు కట్టి ఎండలో నిలబెట్టేవారు. నొక్కిన చేతులూ కట్టిన చేతులూ మన తాలూకా ఉద్యోగులవే. తెల్లదొరల ప్రమేయం లేదని సంఘం తేల్చేసింది. వసూలు తగ్గితే ఎవరి ఉద్యోగం ఊడేదో మాత్రం పట్టించుకోలేదు. ఆ సంఘం ఏర్పడడానికి వెనక ఉన్నవాడు ఈ పట్నం తెలుగువాడు, గాజుల లక్ష్మీనరసు చెట్టి. 'క్రెసెంట్' పత్రిక నడిపి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి, పార్లమెంటుకు అర్జీలు పంపినవాడు. నొక్కినవాళ్ళలో మనవాళ్ళున్నారు, నొక్కవద్దన్నవాళ్ళలోనూ ఉన్నారు. మన సభలు రెండో జాబితానే చదవడం నాకు నచ్చదు.

చివరగా ఒక ఫిర్యాదు. 1921లో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల సమ్మెలో ఆది ద్రావిడ కార్మికులు పనిలోకి వెళ్ళారు. పులియాంతోపులో గుడిసెలు తగలబడ్డాయి. నిలువనీడ పోయినవాళ్ళకు ప్రభుత్వం శిబిరం వేసింది ఈ వ్యాసర్పాడిలోనే. కూలివాళ్ళను కూలివాళ్ళ నుంచి విడదీసింది ప్రభుత్వమేనని ఒకరన్నారు, కాపాడింది ప్రభుత్వమేనని మరొకరన్నారు. ఆది ద్రావిడులను పట్నం నుంచే తరలించాలని అడిగినవారిలో, తెలుగువాళ్ళు ఎంతో గౌరవించే పిట్టి త్యాగరాయ చెట్టి గారున్నారు. ఈ రెండు రోజుల కార్యక్రమ పత్రం తిరగేశాను. దామెర్ల వారి మీద పత్రాలున్నాయి, దుబాసీల మీద ఉన్నాయి, ఆ శిబిరం మీద ఒక్కటీ లేదు. ఎగ్మూరు ఆర్కైవ్స్ ఇక్కడికి ఎంతో దూరం కాదు. వచ్చే సభకు ఎవరు రాస్తారో పేరు ఇప్పుడే ఇవ్వండి, కార్యదర్శి గారు పెన్ను పట్టుకుని కూర్చున్నారు.