రంగం వెళ్ళినవారు

గోదావరి సీమలో పాతతరం వారు రంగూను నగరాన్ని “రంగం” అనేవారు. అదేదో పొరుగూరి పేరన్నంత చనువుగా ఉండేది ఆ మాట. గౌతమి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు 1839 నాటి ఉప్పెనలో దెబ్బతిన్నది. తరువాత ఓడలు కాకినాడనుండి సాగినవి. అయినను బర్మాలో తెలుగువానికి “కోరంగీ” అనే పేరే స్థిరపడిపోయింది.

1931 జనగణన నాటికి బర్మాలో తెలుగువారు లక్షన్నరకు పైబడ్డారు. రంగూను రేవులో బస్తాలు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు చాలామంది మనవారే.

అందులో అనేకులు మేస్త్రీ దగ్గర బయానా పుచ్చుకొని వెళ్ళినవారు. ఓడ టిక్కెట్టు సొమ్ము మేస్త్రీదే. ఆ బాకీ తీరేవరకు అతని ముఠా విడవడానికి వీలులేదు. కూలి కూడా అతని చేతిమీదుగానే రావాలి. బస, తోడు, మాట, అంతా తెలుగే. అట్టివాడు బర్మాకు వెళ్ళాడే గాని బర్మాలో ఉన్నాడనడానికి లేదు. సొంత డబ్బుతో ఓడ ఎక్కినవానికి ఈ చెర లేదు, ఈ అండా లేదు. బస తానే వెతుక్కోవాలి. కూలి బేరమాడడానికి బర్మా మాట నేర్వాలి. అక్కడి చేపముద్ద వాసనకు ముక్కును అలవరచుకోవాలి. ఎండుచేప ఎరిగిన గోదావరివానికి అదంత తపస్సు కాదేమో!

ముఠా బతుకులోని ప్రమాదం 1930 మే నెలలో బయటపడింది. రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టగా, వారి స్థానంలో బర్మావారిని పెట్టుకున్నారు. సమ్మె తీరగానే ఆ కొత్తవారిని పొమ్మన్నారు. వారి కోపం యజమానుల మీదికి పోలేదు, తెలుగు కూలీ మీదికి మళ్ళింది. వందమందికి మించి హతులైనారు. భాష ఒక్కటే కారణమని నేననను. కాని ఎదుటివాని మాట తెలియనిచోట పుకారుకు బలమెక్కువ. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు అడవిదారుల వెంట నడచి వచ్చారు. దారిలోనే రాలిపోయినవారు ఎందరో.

నేడు కోనసీమనుండి, నరసాపురం వైపునుండి కువైటుకు, మస్కటుకు ఇంటిపనికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకు మేస్త్రీ లేడు, ఏజెంటు ఉన్నాడు. 1983 నాటి వలస చట్టం నమోదు లేని ఏజెంటు వ్యాపారాన్ని నేరంగా పరిగణించింది. కనుక ముందుగా అతని నమోదు పత్రం అడగండి. ఒప్పందాన్ని తెలుగులో చెప్పించుకోండి. పాసుపోర్టు నకలొకటి ఇంట్లో ఉంచండి. ఇక నీళ్ళు, జీతం, జ్వరం, ఇంటికి ఫోను, ఈ నాలుగూ అరబ్బీలో ఎలా అడగాలో విమానం ఎక్కకముందే నేర్చుకోండి. నేర్పడానికి, అక్కడ పనిచేసి తిరిగివచ్చినవారు మీ వీధిలోనే ఉంటారు.