పేరు పెట్టేవారి బాధ్యత

 

నరసాపురంలో పట్టాలు అందుకున్న సైన్సు విద్యార్థులతో మాట్లాడేటప్పుడు యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. 1895లో మన పక్కనున్న భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ అక్కడినుంచే వచ్చింది. 1948లో ఆయన కన్నుమూశారు. ఐదేళ్ళకు, 1953లో, హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధిచేసే వడపోతల్లో పెరిగే ఒక బూజును పరిశీలించారు. అది తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇమడలేదు. కొత్త ప్రజాతిని ఏర్పరచి, దానికి సుబ్బారావు గారి పేరు మీద ‘సుబ్బరోమైసిస్’ అని పేరు పెట్టారు.

ఇది గౌరవమే. అయితే గౌరవించాలన్న కోరిక ఒక్కటే ఉంటే ఆ పేరు చెల్లదు. బూజు లక్షణాలు వివరంగా రాసి అచ్చువేయాలి. మూల నమూనాను భద్రపరచాలి. ఎవరైనా సరిపోల్చి, తప్పుంటే తప్పని చెప్పగలగాలి.

ఇంత పట్టింపు ఎందుకు? ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజుతో జపాన్ వాళ్ళు తరతరాలుగా సోయా సాస్ చేసుకుంటున్నారు. దానికి అతి దగ్గరి చుట్టం ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. సరిగా ఆరని వేరుసెనగలో, మొక్కజొన్నలో పెరిగి, కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లటాక్సిన్‌ను తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, కారణం వెతుకుతూ పోయినవాళ్ళకు వాటి మేతలోని వేరుసెనగ పిండిలో ఈ విషం దొరికింది. ఈ రెండు బూజులనూ వేరుచేయడం నిపుణులకే కష్టం. పొరబడితే నష్టపోయేది తినేవాళ్ళు.

పెట్టిన వర్గీకరణను దిద్దుకోవడమూ శాస్త్రమే. ఆరియోమైసిన్‌నిచ్చిన స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి దారాలుగా పెరుగుతుంది కాబట్టి, ఆ తరగతి జీవులను చాలాకాలం బూజులతో కలిపి చూశారు. కణంలో కేంద్రకం లేదని తేలాక బాక్టీరియాలో చేర్చారు. రుజువు ముందు పాత అభిప్రాయం తలవంచింది.

శిలీంధ్ర జాతులు 22 లక్షలకు తక్కువ ఉండవని శాస్త్రజ్ఞుల అంచనా. ఇప్పటిదాకా పేరు పెట్టినవి సుమారు లక్షన్నర. మిగిలిన పని మీ తరానిది. మీలో కొందరు రొయ్యల ల్యాబుల్లో, కొందరు రైసు మిల్లుల్లో, ఆసుపత్రుల్లో చేరతారు. రిపోర్టులో జాతి పేరు రాసేముందు నమూనాను మరోసారి చూడండి. తేలకపోతే తేలలేదనే రాయండి. పైవాళ్ళు తొందరపెట్టినా సరే, చూడనిది చూసినట్టు రాయకండి. మీ సంతకాన్ని నమ్మి ఒక రైతు ధాన్యం అమ్ముతాడు, ఒక తల్లి బిడ్డకు మందు వేస్తుంది. ఆ నమ్మకానికి తగినవారు కండి.