కాజీపేట బియాబానీ



కాజీపేట జంక్షనులో బండి మారువారు వేలకొలది కలరు. ఆ ఊరిపేరులోని కాజీ యెవరని విచారించువారు మాత్రము అరుదు.

కాజీ యనగా ఇస్లాము ధర్మశాస్త్రము ననుసరించి తీర్పు చెప్పువాడు. వివాహములు జరిపించి పత్రముపై ముద్ర వేయువాడు. నిజాముల కాలమున ఓరుగల్లు కాజీగా నుండిన సయ్యద్ షా అఫ్జల్ బియాబానీగారు 1795లో జన్మించిరి. వారు 12వ శతాబ్దమున ఇరాకు దేశమునందు వెలసిన షేక్ అహ్మద్ రిఫాయీ పరంపరకు చెందిన సూఫీలు.

‘బియాబాన్’ పారసీ పదము. జనసంచారము లేని అరణ్యమని దాని యర్థము. ఈ బిరుదు పూర్వికులనుండి వచ్చినదే యైనను, అఫ్జల్ షాగారు దానిని సార్థక మొనర్చిరి. కాజీపేట పరిసరములలోని గుట్టలయందు, అడవులయందు చిరకాలము ఏకాంతధ్యానమున గడపిరని శిష్యపరంపర చెప్పుచున్నది. ఓరుగల్లు గుట్టలను చూచినవారికి ఇది వింతగా తోచదు. హనుమకొండ పద్మాక్షి గుట్టపై జైనశిల్పములు నేటికిని కలవు. ఆ బండల నడుమ మౌనమును వెదకినవారిలో అఫ్జల్ షాగారు మొదటివారు కారు.

ఇచ్చట యోచింపదగిన విషయ మొకటి యున్నది. కాజీ యధికారము ప్రధానముగా ముసల్మానుల వ్యవహారములకు సంబంధించినది. హిందూ రైతునకు ఆ ముద్రతో ఏమి పని? అయినను అతడు ఆ గడప తొక్కెను. హైదరాబాదు కంటింజెంటు సేనలోని సిపాయీలును వచ్చిరి. వారి మహిమలను వర్ణించు ‘అఫ్జల్ ఉల్ కరామాత్’ అను జీవితచరిత్ర కలదు. మహిమలను నమ్ముట, నమ్మకుండుట ఎవరి యిష్టము వారిది. పదవి పిలువని జనము అడవినుండి వచ్చిన మనిషికడకు తమంత తాముగా వచ్చుట మాత్రము చరిత్ర.

1856లో, హిజ్రీ 1273 సఫర్ నెల 27వ నాడు, వారు పరమపదించిరి. కుమారులు సర్వర్ బియాబానీగారు పీఠమున కూర్చుండిరి. శిష్యులలో ఔరంగాబాదు బన్నేమియా ప్రసిద్ధులు; 1921లో గతించిరి. 1918లో షిరిడీ సాయిబాబా తమ దేహత్యాగమునకు ముందు కబురంపినది ఈ బన్నేమియాగారికేనని భక్తులు చెప్పుదురు. కాజీపేట గుట్టలకును షిరిడీ మసీదునకును గల ఈ బాంధవ్యము ఓరుగల్లువారిలోనే పలువురకు తెలియదు.

ఈ సీమలో ఇట్టి భక్తి ఒక్కచోటనే నిలువలేదు. పర్వతగిరి చెంతనున్న అన్నారము షరీఫునకు హిందువులు కుటుంబములతో పోయి కందూరు చేయుదురు. అచ్చటి యాకూబ్ షావలీ పేరు మీదుగా పిల్లలకు యాకయ్య, యాకమ్మ యని పేరిడుదురు. శాస్త్రచర్చలు కలుపలేని వానిని ఉయ్యాలలో బిడ్డ పేరు కలుపుచున్నది.

కాజీపేట దర్గాలో ఏటేట సఫర్ నెలలో ఉర్సు జరుగుచున్నది. తెలుగువారి చాంద్రమానమున అధికమాసముండుటచే పండుగలు ఋతువు తప్పవు. హిజ్రీ లెక్కలో అధికమాసము లేదు. ఏటికి సుమారు 11 దినములు ముందునకు జరిగి, ఉర్సు దాదాపు 33 ఏండ్లలో అన్ని ఋతువులను చుట్టివచ్చును. కొన్ని యేండ్లు నాట్లవేళ, కొన్ని యేండ్లు కోతలవేళ వచ్చు ఆ దినమును రైతు అడిగి తెలిసికొనియే బయలుదేరవలెను.