సభలో అడిగిన ప్రశ్న ఎటు పోతుంది?



మైనారిటీల హక్కులను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము ఎంచుకున్న ఉదాహరణ మాత్రం బ్రిటన్ దేశానిది. "మన ఊరి ఖబరస్తాన్ ప్రహరీగోడ సంగతే ఇంకా తేలలేదు, బ్రెగ్జిట్ గొడవ మనకెందుకు?" అని మీలో కొందరికి తోచవచ్చు. ఆ ప్రహరీగోడ కోసమే ఈ కథ చెబుతున్నాము. కొంచెం ఓపిక పట్టండి.

మేము ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాళ్ళము. శాసనసభ సమావేశాలు మొదలయ్యాయంటే మా సెక్షన్‌లో భోజనవేళ ఉండేది కాదు. ప్రతిపక్ష సభ్యుడు ఒక ప్రశ్న వేస్తే అది సచివాలయం నుంచి శాఖకు, శాఖ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మా బల్ల మీదికి వచ్చేది. మైనారిటీ విద్యార్థుల ఉపకారవేతనాల బకాయిల ఫైలు ఒకటి మాకు బాగా గుర్తు. తల్లిదండ్రులు ఏడాదిపాటు అర్జీలు పెట్టినా అది బీరువా దాటలేదు. ఒక్క శాసనసభ ప్రశ్న రాగానే మూడు రోజుల్లో నాలుగు సంతకాలు పడ్డాయి. ప్రశ్న వేసిన సభ్యుని పార్టీకి సభలో బలం లేదు. అయినా ఫైలు కదిలింది.

జవాబు రాయడంలో మా చాకచక్యం కూడా దాచకుండా చెప్పాలి. "వివరాలు సేకరించబడుతున్నాయి", "అంశం పరిశీలనలో ఉన్నది", "ప్రశ్న ఉత్పన్నం కాదు": ఈ మూడు వాక్యాలతో ఎన్ని ప్రశ్నలనైనా పంపించివేయవచ్చు. వాటిని రాసిన చేతులు మావి. కనుక ఏ దేశపు మంత్రి నోట ఆ మాట విన్నా, వెనుక ఉన్న ఫైలు మాకు కనిపిస్తుంది.

ఇప్పుడు బ్రిటన్ వెళదాము. 2016 జూన్ 23న ఐరోపా సమాఖ్యలో ఉండాలా, బయటికి రావాలా అని అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. బయటికి రావాలని 51.9 శాతం, ఉండాలని 48.1 శాతం ఓటు వేశారు. ఎలా రావాలి, ఏ షరతులతో రావాలి, ఐర్లాండు సరిహద్దు ఏమవుతుంది, వ్యాపారం ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఆ ఓటుపత్రంలో సమాధానం లేదు. ప్రభుత్వం వద్ద కూడా లేదు.

ఆ నెలలోనే ప్రతిపక్ష లేబర్ పార్టీ తరఫున విదేశాంగ వ్యవహారాల బాధ్యత ఎమిలీ థార్న్‌బెరీకి అప్పగించారు. ఆమె మానవహక్కుల న్యాయవాది. తండ్రి ఐక్యరాజ్యసమితిలో ఉన్నతాధికారి. తల్లిదండ్రులు విడిపోయిన తరువాత ఆమె బాల్యం పేదలకు కట్టిన ప్రభుత్వ గృహసముదాయంలో గడిచింది. 2005 నుంచి లండన్‌లోని ఇస్లింగ్టన్ సౌత్, ఫిన్స్‌బరీ నియోజకవర్గానికి ఆమె ప్రతినిధి. 2016 అక్టోబరులో ఆమె, బ్రెగ్జిట్ వ్యవహారాలు చూస్తున్న సహచరుడు కీర్ స్టార్మర్ కలిసి మంత్రి డేవిడ్ డేవిస్‌కు ఒక లేఖ రాశారు. అందులో 170 ప్రశ్నలు ఉన్నాయి. వైదొలగే ప్రక్రియను ప్రారంభించడానికి ప్రభుత్వమే పెట్టుకున్న గడువు 2017 మార్చి 31. ఆనాటి వరకు రోజుకు ఒక ప్రశ్న అన్న లెక్క అది.

ప్రభుత్వం చెప్పిన మాట ఏమిటంటే, బేరం సాగుతుండగా మన చేతిలోని ముక్కలు ఎదుటివారికి చూపలేము అని. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ముక్కలు ఎవరివి? ప్రజలవి. 2017 జనవరి 24న ఆ దేశపు సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరొకవైపుగా తీర్పు ఇస్తూ, పార్లమెంటు చట్టం లేకుండా మంత్రులు తమంతట తాము ఆ ప్రక్రియ ప్రారంభించరాదని తేల్చింది.

ఇక మాకు బాగా తెలిసిన విద్య ఒకటి బయటపడింది. ఒక్కొక్క పరిశ్రమపై బ్రెగ్జిట్ ప్రభావమేమిటో యాభైకి పైగా రంగాలలో విశ్లేషణ జరిగిందని మంత్రి చెబుతూ వచ్చారు. 2017 నవంబరు 1న ప్రతిపక్షం సభలో తీర్మానం పెట్టి ఆ పత్రాలు ఇవ్వవలసిందేనని ఆమోదింపజేసింది. ఆ తరువాత, డిసెంబరు 6న, అలాంటి ప్రభావ అంచనాలు అసలు లేవని అదే మంత్రి పార్లమెంటరీ కమిటీ ముందు అంగీకరించారు. ఫైలు ఉన్నదంటే తెమ్మన్నారు. తెమ్మన్న తరువాత ఫైలు లేదన్నారు. మా కార్యాలయంలో కూడా ఇలాంటివి జరిగాయి. తేడా ఒక్కటే. అక్కడ తెమ్మన్నది సభ.

మరుసటి ఏడాది ఇంతకంటె పెద్ద పరీక్ష వచ్చింది. ఐరోపాతో కుదిరిన ఒప్పందంపై అటార్నీ జనరల్ ఇచ్చిన న్యాయసలహాను పూర్తిగా ప్రకటించాలని 2018 నవంబరు 13న సభ తీర్మానించింది. ప్రభుత్వం సారాంశం మాత్రమే ఇచ్చింది. స్టార్మర్ సభాధిక్కార తీర్మానం ప్రతిపాదించారు. డిసెంబరు 4న అది 311 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా 293 పడ్డాయి. బ్రిటన్ చరిత్రలో ఒక ప్రభుత్వం తన సభ చేతిలోనే ధిక్కారదోషిగా నిలవడం అదే మొదటిసారి. మరునాడే సలహా వెలుగు చూసింది. మరొక ఒప్పందం కుదిరేదాకా ఉత్తర ఐర్లాండు ఏర్పాటు నిరవధికంగా కొనసాగవచ్చునని అందులో ఉన్నది. సభ్యులు ఓటు వేయబోయే ఒప్పందంలోని అసలు మెలిక అదే. 2019 జనవరి 15న ఆ ఒప్పందం 432 ఓట్ల వ్యతిరేకతతో వీగిపోయింది. అనుకూలంగా 202 మాత్రమే పడ్డాయి.

ప్రశ్న ప్రతిసారీ నెగ్గిందని మేము చెప్పడం లేదు. మన హృదయాలకు దగ్గరగా ఉన్న విషయాలలోనే అది ఎక్కువగా ఓడింది. 2016 అక్టోబరు 26న యెమెన్ యుద్ధం గురించి థార్న్‌బెరీ సభలో తీర్మానం ప్రవేశపెట్టారు. అంతర్జాతీయ చట్ట ఉల్లంఘనలపై ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో విచారణ జరిగేవరకు సౌదీ కూటమికి బ్రిటన్ సహాయం నిలిపివేయాలన్నది దాని సారం. 193 ఓట్లు అనుకూలం, 283 ప్రతికూలం. ఆమె సొంత పార్టీ సభ్యులే దాదాపు వందమంది ఓటింగుకు రాలేదు. ఆ రోజు యెమెన్ బిడ్డలకు ఒరిగిందేమీ లేదు.

కాని ప్రశ్న అక్కడితో ఆగలేదు. ఆయుధ విక్రయాలను వ్యతిరేకించే పౌరసంఘం దానిని న్యాయస్థానానికి తీసుకువెళ్ళింది. గతంలో ఉల్లంఘనలు జరిగాయో లేదో నిర్ధారించుకోకుండా ఆయుధ ఎగుమతి లైసెన్సులు ఇవ్వడం చట్టవిరుద్ధమని 2019 జూన్ 20న అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. కొత్త లైసెన్సులు ఆగాయి. 2020 జూలైలో ప్రభుత్వం, ఉల్లంఘనలు కావచ్చునన్న సంఘటనలు అక్కడక్కడా విడివిడిగా జరిగినవేనని చెప్పి, అమ్మకాలను పునరుద్ధరించింది. అప్పటికి థార్న్‌బెరీ అంతర్జాతీయ వాణిజ్య వ్యవహారాలలో ప్రతిపక్ష ప్రతినిధి. ఆ నిర్ణయాన్ని ఆమె తీవ్రంగా ఖండించారు. అమ్మకాలు సాగాయి. ఐతే "ఆ సంగతి మేము పరిశీలించలేదు" అని చెప్పే అవకాశం ఇక ఆ ప్రభుత్వానికి లేదు. కొన్ని సంఘటనలు ఉల్లంఘనలు కావచ్చునని తన చేత్తోనే రాసి ఇచ్చింది.

వీఘర్ ముస్లింల విషయంలోనూ ఇంతే. బ్రెగ్జిట్ తరువాత బ్రిటన్ సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకోవడానికి చట్టం తెచ్చుకుంది. జాతి నిర్మూలనకు పాల్పడిన దేశంతో ఒప్పందం చెల్లరాదని, ఆ నిర్ధారణ ఉన్నత న్యాయస్థానం చేయాలని ప్రభువుల సభ ఒక సవరణ పంపింది. 2021 జనవరి 19న కామన్స్ సభ దానిని 308కి వ్యతిరేకంగా 319 ఓట్లతో త్రోసిపుచ్చింది. పదకొండు ఓట్ల తేడా! పాలకపక్ష సభ్యులే 33 మంది తమ ప్రభుత్వానికి ఎదురు నిలిచారు. మూడు నెలలకు, ఏప్రిల్ 22న, పాలకపక్షానికే చెందిన ముస్లిం సభ్యురాలు నుస్రత్ ఘనీ ప్రతిపాదించగా, షిన్‌జియాంగ్‌లో జరుగుతున్నది జాతి నిర్మూలనేనని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. దానికి ప్రభుత్వం కట్టుబడనవసరం లేదు. కాని అది సభ రికార్డులో ఉన్నది. ఎవరూ చెరపలేరు.

ఈ కథలో చేదు భాగం కూడా చెప్పకపోతే మేము మీకు అన్యాయం చేసినవాళ్ళమవుతాము. 2023 అక్టోబరులో గాజాకు నీరు, ఆహారం, విద్యుత్తు ఆపివేసినప్పుడు, అది అంతర్జాతీయ చట్టానికి లోబడి ఉన్నదా అని విలేఖరులు ఇదే స్టార్మర్‌ను, ఇదే థార్న్‌బెరీని అడిగారు. ఇతరులను 170 ప్రశ్నలు అడిగిన ఆ ఇద్దరు న్యాయవాదులు, ఆ ఒక్క ప్రశ్నకు సూటిగా బదులు చెప్పలేకపోయారు. అధికారం దగ్గరపడుతున్న కాలమది. నవంబరు 15న కాల్పుల విరమణ కోరుతూ వచ్చిన సవరణకు లేబర్ సభ్యులు 56 మంది పార్టీ ఆదేశాన్ని కాదని ఓటు వేశారు. ఆ 56 మందిలో ఈ ఇద్దరూ లేరు. సవరణ ఓడిపోయింది. బ్రిటన్ ముస్లింలు ఆ గాయాన్ని మరచిపోలేదు.

2024 జూలైలో లేబర్ అధికారంలోకి వచ్చింది. స్టార్మర్ ప్రధాని అయ్యారు. థార్న్‌బెరీకి మంత్రి పదవి రాలేదు. సెప్టెంబరులో ఆమె విదేశీ వ్యవహారాల కమిటీకి అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. ఇప్పుడు ఆమె ప్రశ్నించవలసింది తన పార్టీ ప్రభుత్వాన్నే. పాలస్తీనాను ఆలస్యం చేయక గుర్తించాలని 2025 జూలైలో ఆ కమిటీ కోరింది. సెప్టెంబరు 21న బ్రిటన్ గుర్తించింది. అది కమిటీ ఘనతే అని మేము అనము. వీధులలో నడిచిన లక్షల పాదాల పాలు అందులో ఉన్నది. మేము నేర్చుకున్నది ఒక్కటే: ప్రశ్న వేసిన మనిషి కంటె ప్రశ్న పెద్దది. మనిషి తడబడవచ్చు. ఆ ప్రశ్నను అందుకొని మరొకరు అదే మనిషిని అడగాలి.

ఇక మన సంగతి. 2025 జూలై 24న బ్రిటన్‌తో మన దేశం వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్నది. మన ఆంధ్ర తీరపు రొయ్యల రైతు లాభనష్టాలు అందులో ముడిపడి ఉన్నాయి. బ్రిటన్‌లో అలాంటి ఒప్పందాన్ని ఆమోదానికి ముందు 21 సభాదినాలపాటు పార్లమెంటు ముందు ఉంచాలని 2010 నాటి చట్టం ఉన్నది. మన రాజ్యాంగం ఒప్పందాలు చేసుకునే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది గాని, ముందుగా సభ ఆమోదం తప్పనిసరి చేయలేదు. అంటే మనకు మిగిలింది ప్రశ్నోత్తరాల సమయమే. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలను మౌఖిక జవాబు కోసం, 230 ప్రశ్నలను లిఖితపూర్వక జవాబు కోసం జాబితాలో చేరుస్తారు. 2020 సెప్టెంబరు సమావేశాలలో కోవిడ్ పేరుతో ఆ ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తివేశారు. అది పోయినప్పుడు మనలో ఎంతమంది బాధపడ్డాము?

అందుచేత మా విన్నపం ఇది. మన సంఘాలు సన్మానాలకు ఇచ్చే శ్రద్ధలో నాలుగోవంతు ప్రశ్నలకు ఇవ్వాలి. "మైనారిటీలకు అన్యాయం జరుగుతున్నది, నిజమేనా?" అని అడిగితే, "లేదండి" అని రాయడం మాకు అర నిమిషం పని. "ఫలానా జీవో ప్రకారం ఫలానా సంవత్సరం మంజూరైన సొమ్ములో మన జిల్లాకు విడుదలైనది ఎంత, ఖర్చయినది ఎంత, మిగిలినది ఎక్కడ ఉన్నది?" అని అడిగితే మేము లేచి బీరువా తెరవవలసిందే. తేదీ, అంకె, ఉత్తర్వు సంఖ్య ఉన్న ప్రశ్నకు గుమాస్తా భయపడతాడు. ఇది అనుభవంతో చెబుతున్న మాట.

ఆ వివరాలను సమాచార హక్కు చట్టం కింద ముందే సేకరించండి. ప్రశ్న తయారుచేసి మీ శాసనసభ్యునికి, పార్లమెంటు సభ్యునికి ఇవ్వండి. ఆయన ఏ పార్టీ అని చూడకండి. వచ్చిన జవాబును దాచిపెట్టుకోండి. వచ్చే ఏడు అదే ప్రశ్న మళ్ళీ వేయించి రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చూడండి. రేపు మనం ఓటు వేసిన పార్టీయే గద్దెనెక్కితే, అదే ప్రశ్న అదే గొంతుతో ఆ పార్టీని అడగండి. ఇది అన్నిటికంటె కష్టం.

మన ఊరి ఖబరస్తాన్ ప్రహరీగోడ గురించి మేము ఒక ప్రశ్న రాసి తెచ్చాము. సర్వే నంబరు, మంజూరు ఉత్తర్వు, తేదీ అన్నీ అందులో ఉన్నాయి. సభ ముగిశాక పెద్దలందరూ ఒకసారి చదివి, తప్పులుంటే దిద్దండి. వచ్చే సమావేశాల లోపల దానిని సభకు పంపుదాము.

సెలవు.