గంటకు ముందు ఒక మాట

మార్కాపురపు పలక ఎందరి చేతనో అక్షరములు దిద్దించినది. ఆటిజము గల బిడ్డకు ఆ పలకపైననే, అక్షరములకు ముందుగా, దినచర్యను బొమ్మలుగా గీసి చూపవచ్చును: ప్రార్థన, పాఠము, పిదప భోజనము. రానున్నదేదో ముందే తెలిసినచో బెదరు తగ్గును. గంట మ్రోగగానే చెవులు మూసికొనుట పొగరు కాదు. అట్టి బిడ్డలలో పలువురకు ఆ ధ్వని దుస్సహము.

2016 నాటి చట్టము ఆటిజమును 21 వైకల్యములలో చేర్చినది. 40 శాతమునకు తగ్గని వైకల్యము గల బిడ్డలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు పొరుగుబడిలో గాని, కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. భవిత కేంద్రములలో ఇందుకై శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కలరు. అయినను, నల్లమల అంచు పల్లెనుండి బిడ్డను గిద్దలూరునకు తీసికొనిపోవు తల్లికి ఆనాటి కూలి పోవును. ఈ లెక్క చట్టమున కానరాదు. కనుకనే ఊరిబడి పంతులుగారిపై నా ఆశ.

అయ్యా, రేపు గంట కొట్టించుటకు ముందు ఆ బిడ్డకు ఒక మాట చెప్పి చూడుడు.