వాన రాకముందే కల్వర్టులకు మార్కులు వేద్దాం

(వరదయ్యపాళెం మండలంలో జరిగిన సంఘం సభ్యుల సమావేశంలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



మైకు నా చేతికి ఇస్తే గిట్టుబాటు ధర గురించో, యూరియా గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. నేను మోరీల గురించి మాట్లాడతాను. రోడ్డు కింద ఉండే తూముల గురించి, కల్వర్టుల గురించి. మోరీ గురించి మీటింగా అని కొందరు నవ్వుతున్నారు. 2023 డిసెంబరు దాకా నేనూ నవ్వేవాడినే.

ఆ డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుఫాను వచ్చింది. అది తీరం దాటింది బాపట్ల దగ్గరైనా, దాటేలోపు మన ప్రాంతాన్ని ముంచేసింది. నాకు రోడ్డు వారగా ఎకరాన్నర వరి ఉంది. నాటి నెలన్నర అయిన పైరు. వాన నిలిచింది, ఎండ కూడా వచ్చింది. పక్క ఊరి కయ్యల్లో నీళ్లు రెండో రోజుకే తీసేశాయి. నా కయ్యల్లో మాత్రం ఐదు రోజులు కదల్లేదు. ఆరో రోజు చూస్తే పైరు కుళ్లి వాసన కొడుతోంది. దేవుడు చేసిన పని అని నేనూ అనుకున్నా, ఇంట్లో వాళ్లూ అనుకున్నారు.

నీళ్లు తీసినాక రోడ్డు కింది కల్వర్టు దగ్గరికి పోయి చూశాను. రెండు పైపుల్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయింది. రెండో దాంట్లో ముప్పాతిక మేర మట్టి, మిగతా పాతికలో ప్లాస్టిక్ సంచులు, సర్కారు తుమ్మ కంప. అక్కడే మేకలు తోలుకుంటున్న పెద్దావిడ ఒక మాట అంది. "ఒరే అబ్బోడా, మా కాలంలో ఈ మోరీలో గొర్రెపిల్ల దూరి అవతలికి పొయ్యేది. ఇప్పుడు పిల్లి కూడా దూరదు." ఆమె చదువుకోలేదు. అయినా ఆ కల్వర్టుకు సరైన మార్కు వేసింది ఆమే.

ఒక ఆఫీసుకు పోతే ఆ రోడ్డు మాది కాదన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే రోడ్డు మాదే గాని కాలువ మాది కాదన్నారు. మూడో చోట, "ఆ కల్వర్టు పూడిపోయిందని వానకు ముందు ఎవరైనా రాసిచ్చారా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. స్వాతి కార్తెలో ఆ దారినే పోతూ కంపను నేను చూశాను. చూసి, ఎవరో తీస్తారులే అనుకుని వచ్చేశాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. కల్వర్టు దాటినాక నీళ్లు పోయే వంక ఒకప్పుడు పన్నెండు అడుగుల వెడల్పు. ఇప్పుడు ఏడడుగులు. ఆ ఐదడుగుల్లో రెండడుగులు నా గట్టు మింగినవే. ఏటా గట్టు చెక్కినప్పుడు జానెడు ముందుకు జరిపాను. ఇది దాచిపెట్టి ఇక్కడ నిలబడితే నా మాటకు విలువ ఉండదు.

మనకు ఈ విషయం ఎందుకు ముఖ్యమో ఆలోచించండి. మన వానలు ఈశాన్య రుతుపవనాలవి. చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెల్లో వాయుగుండం పట్టిందంటే రెండు రోజుల్లో నెల వాన పడిపోతుంది. నేల చూస్తే పడమర కొండలు, తూర్పున పులికాట్. కొండ మీద పడిన నీళ్లు వంకల్లో దిగి, చెరువులు నిండి, కలుజు దూకి, మళ్లీ వంకలో పడి కాళంగికో అరణియారుకో చేరి పులికాట్‌లో కలవాలి. ఆ దారి పొడవునా ఎన్ని రోడ్లు అడ్డం ఉన్నాయో లెక్కేయండి. ఊరి రోడ్లు, జిల్లా రోడ్లు, జాతీయ రహదారి, రైలు కట్ట, మద్రాసుకు నీళ్లిచ్చే తెలుగుగంగ కాలువ. ప్రతి అడ్డం కింద నీళ్లకు ఒక కన్నం వదిలారు. ఆ కన్నమే కల్వర్టు. ఒక్కటి మూసుకుపోతే దానికి పైనున్న కయ్యలన్నీ చెరువే.

2008లో శ్రీ సిటీ మొదలైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కల నేల తీరు మారింది. ఆ పారిశ్రామిక నగరం ఒక్కటే 7,500 ఎకరాల పైచిలుకు. దాని చుట్టూ రోడ్లు, లేఅవుట్లు, గోడౌన్లు, లాడ్జీలు వచ్చాయి. మన పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి, దాన్ని కాదనను. కానీ లెక్క తెలుసుకోవాలి. ఒక ఎకరం మీద పది సెంటీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. అదే ఎకరం గట్లున్న వరి కయ్య అయితే అందులో చాలా భాగం పట్టి ఉంచి నిదానంగా వదులుతుంది. సిమెంటు, తారు, రేకుల కప్పు అయితే దాదాపు అంతా గంటల్లోనే వంకలోకి దిగుతుంది. పైన నేల మారింది, కింద కల్వర్టు మాత్రం మన తాతల నాటి సైజులోనే ఉంది. అది కూడా సగం పూడి ఉంది.

పైపుల సైజు దగ్గర మనల్ని ఇట్టే మాయ చేస్తారు. నాలుగడుగుల పైపు ఉన్నచోట రెండడుగుల పైపులు రెండు వేసి, సరిపోయింది అంటారు. సరిపోదు. నాలుగడుగుల పైపు నోరు, రెండడుగుల పైపు నోటికి రెండింతలు కాదు, నాలుగింతలు. నాలుగు చిన్న పైపులు వేస్తే గాని ఒక పెద్ద పైపుకు సాటి రావు. అప్పుడు కూడా చిన్న నోటికి కంప తొందరగా అడ్డం పడుతుంది. రోడ్డు పని జరిగేటప్పుడే ఊళ్లో ఇద్దరు టేపు పట్టుకుని నిలబడాలి.

కల్వర్టు చిన్నదని ప్రమాదం చిన్నది కాదు. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లాలో రామన్నపేట, వలిగొండ మధ్య ఏం జరిగిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పైనున్న చెరువు నీళ్లు ఒక్కసారిగా వచ్చి రైలు కట్ట కింది చిన్న వంతెనను కోసేశాయి. తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాద్ పోయే డెల్టా ప్యాసింజరు అందులో పడింది. వంద మందికి పైగా చనిపోయారు. అదీ స్వాతి కార్తెలోనే. రైల్వేలో ఒక పద్ధతి ఉంది. తెగితే రైలు కట్టకు ముప్పు తెచ్చే చెరువులను రిజిస్టరులో రాసుకుంటారు, రాష్ట్ర అధికారులతో కలిసి తనిఖీ చేయాలి. చిన్న వంతెన క్షేమం దాని గోడల్లోనే ఉండదు, పైనున్న చెరువు కట్టలో కూడా ఉంటుందని ఆ రిజిస్టరు చెబుతుంది. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి మనం మరిచిపోలేదు.

ఇక మార్కుల సంగతి. ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో 1967 డిసెంబరులో ఒహాయో నది మీద సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ వంతెనలకు రెండేళ్లకోసారి తనిఖీ, 0 నుంచి 9 వరకు మార్కు అనే పద్ధతి దేశమంతా వచ్చింది. పెద్ద కల్వర్టులకు కూడా అదే పద్ధతి. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2016 అక్టోబరులో జాతీయ రహదారుల వంతెనలకు ఇలాంటి వ్యవస్థ పెట్టింది. అందులో కల్వర్టులనూ లెక్కలోకి తీసుకున్నారు. ఒక్కోదానికి గుర్తింపు సంఖ్య, గట్టిదనానికి ఒక మార్కు, అది పోతే జనానికి కలిగే నష్టానికి ఇంకో మార్కు. అంటే తడ దగ్గర హైవే మీద కల్వర్టుకు నంబరు ఉంటుంది. మన ఊరి కల్వర్టుకు పేరు కూడా లేదు. పేరు లేనిదానికి బిల్లు ఎక్కడ పెడతారు, రిపేరు ఎక్కడ చేస్తారు?

కాబట్టి ఆ పని మనమే మొదలుపెడదాం. ఊరికి నలుగురు చాలు. ఒక కర్ర, ఒక టేపు, ఒక నోటు పుస్తకం, ఫొటోకు ఒక సెల్లు. నలుగురిలో ఒకరు వంకల దారి తెలిసిన పెద్దవాళ్లు ఉండాలి. ప్రతి కల్వర్టుకు నంబరు వేసి ఐదు చోట్ల చూడాలి.

ఒకటి, పైవైపు నోరు. కంప, చెత్త, మట్టి ఎంత అడ్డం ఉందో చూడాలి.

రెండు, పైపు లోపల. కర్ర పెట్టి పూడిక ఎత్తు కొలవాలి. అందులో మూడో వంతు ఎత్తు పూడితే దాదాపు మూడో వంతు దారి పోయినట్టే.

మూడు, గోడలు. పగుళ్లు, రాళ్లు జారడం, గోడ బయటికి వాలడం. సన్నటి పగులు పక్కన పెన్సిలుతో తేదీ రాసి ఉంచితే, వచ్చే నెల అది పెరిగిందో లేదో తెలుస్తుంది.

నాలుగు, పైన రోడ్డు. పైపు మీద రోడ్డు కుంగితే, అతుకు విడిపోయి మట్టి లోపలికి జారుతోందని అర్థం. పైకి చిన్న గుంతే కనబడుతుంది, కింద డొల్ల ఉంటుంది. పాలవ్యాను దిగబడేది, బడి బస్సు దిగబడేది అక్కడే.

ఐదు, కిందివైపు. నీళ్లు దూకి దూకి గుండం పడిందా, గోడ పునాది బయటపడిందా, ఆ తర్వాత కాలువ ఉందా లేక ఎవరైనా పూడ్చేశారా. కల్వర్టు బాగుండి కాలువ లేకపోతే, ద్వారం పెట్టి దాని వెనుక గోడ కట్టినట్టే.

ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కు. 4 అంటే బాగుంది. 3 అంటే శుభ్రం చేస్తే చాలు. 2 అంటే రిపేరు కావాలి. 1 అంటే ఈ వానకు ప్రమాదం. 0 అంటే పనిచేయడం లేదు. ఐదింటికీ సరాసరి తీయొద్దు. అన్నిటికన్నా తక్కువ వచ్చిందే ఆ కల్వర్టు మార్కు. నాలుగు చోట్ల 4 వచ్చి, నోరు మూసుకుపోయి 0 వస్తే ఆ కల్వర్టు 0 కిందే లెక్క. మార్కు పక్కన ఇంకో గడిలో దాని మీద ఆధారపడేవి రాయండి. ఎన్ని ఎకరాలు, ఎన్ని ఇళ్లు, బడి బస్సు, 108 వచ్చే దారి. రెండు చోట్లా 1 మార్కే వచ్చినా, ఇరవై ఇళ్లున్న చోట ముందు పని జరగాలి.

ఒక హెచ్చరిక. ఎవరూ పైపుల్లోకి దూరొద్దు. పాములుంటాయి, గాలి ఆడదు. నీళ్లు పారేటప్పుడు దగ్గరికే పోవద్దు. వాన వెలిసినాక వంక పక్క చెట్లకు చెత్త ఎంత ఎత్తున తగులుకుందో చూసి గుర్తు పెట్టుకోండి. వరద ఎంత ఎత్తున వచ్చిందో ఆ గుర్తే చెబుతుంది.

రాసిన కాగితాన్ని ఇంట్లో పెట్టుకుంటే లాభం లేదు. గ్రామసభలో చదివించి తీర్మానం చేయించండి. ఏ రోడ్డు పంచాయతీరాజ్‌ది, ఏది ఆర్ అండ్ బీది, ఏ కాలువ జలవనరుల శాఖది అని ఒక్కోదాని పక్కన రాయండి. తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, ముప్పై రోజుల్లో చెప్పాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఫొటోలతో సహా ఇచ్చి రసీదు తీసుకోండి. 0, 1 మార్కులు వచ్చినవి ముందు. 3 వచ్చినవి మన పారలతో మనమే ఒక పూటలో చేసుకోగలం. అదే కొత్తగా వేసిన రోడ్డయితే కాంట్రాక్టరుకు ఎన్నేళ్ల బాధ్యత ఉందో బోర్డు మీద చూడండి. గ్రామ సడక్ యోజన రోడ్లకు ఐదేళ్లు ఉంటుంది. ఆ ఐదేళ్లలో విరిగినదాన్ని చందాలు వేసుకుని మనం బాగుచేస్తే వాడికి లాభం చేసినట్టే.

ఆక్రమణల గడి కూడా పెట్టండి. అందులో మొదటి పేరు నాదే రాయండి. నేను మింగిన రెండడుగులు ఈ వేసవిలో పార పట్టి వెనక్కి తీశాను. వంక ఇంకా పన్నెండడుగులు కాలేదు, తొమ్మిదైంది. మిగతా మూడడుగుల వాళ్లు ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పను, వాళ్లు నాకు అయినవాళ్లే. మన గట్లు మనం సర్దుకుంటేనే, వంకను పూడ్చిన లేఅవుటు వాళ్లను నిలదీసే నోరు మనకు ఉంటుంది.

అడిగేది ఒక్కటే. చిత్త కార్తె దాటకముందే ప్రతి యూనిట్ తమ ఊరి పట్టిక సంఘం ఆఫీసుకు పంపాలి. ఈసారి ఏ ఆఫీసులోనైనా "వానకు ముందు రాసిచ్చారా?" అని అడిగితే, తేదీ, రసీదు, మార్కు మూడూ బల్ల మీద పెట్టే స్థితిలో మనం ఉండాలి.

సెలవు. జై కిసాన్.